తోటిపిల్లలే ఏడిపిస్తుంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. రెండు నెలలుగా బడి ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. సెలవు రోజుల్లో హాయిగా ఆడుకుంటాడు. ఈమధ్య జామెట్రీ బాక్సు, వాటర్ బాటిల్ పోగొట్టుకున్నాడు. అడిగితే ‘ఏం లేదమ్మా’ అంటాడు. బడి ఎగ్గొట్టడానికి నాటకమా?

జవాబు: నాటకం అనుకోకండి. ఆ నొప్పి నిజంగానే వస్తుంది. భయంతో రోజులు గడిపే పిల్లలకు ఆకలి, నిద్ర, కడుపు అన్నీ పాడవుతాయి. వేధింపుకు గురయ్యే పిల్లల్లో తలనొప్పి, కడుపునొప్పిలాంటివి మిగతావాళ్లలో కంటే దాదాపు రెండింతలు కనిపిస్తాయని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. సెలవు రోజున నొప్పి లేకపోవడం, వస్తువులు మాయమవడం రెండూ కలిశాయంటే బడిలో ఏదో జరుగుతోందని అనుమానించాల్సిందే.

ఇంకో రెండు సంగతులు గమనించండి. ఇంట్లో అడుగు పెట్టగానే బాత్రూంకి పరుగెడుతున్నాడా? బడిలో టాయిలెట్ల దగ్గర పెద్దవాళ్ల కన్ను ఉండదు. ఏడిపించేవాళ్లకు అనువైన చోటు అదే. అందుకే కొందరు పిల్లలు రోజంతా నీళ్లు తాగకుండా, ఆపుకుని కూర్చుంటారు. రాగానే ఆవురావురుమంటూ తింటున్నాడా? మధ్యాహ్నం బాక్సు అతని నోటిదాకా వెళ్లట్లేదేమో.

‘నిన్నెవరైనా కొడుతున్నారా?’ అని సూటిగా అడిగితే తొంభై పాళ్లు ‘లేదు’ అనే వస్తుంది. చెబితే రేపు ఇంకా ఎక్కువ చేస్తారని భయం, తనను చేతకానివాడు అనుకుంటారని సిగ్గు, మీరు బడికొచ్చి గొడవ చేస్తారని దిగులు. ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయకుండా, కలిసి నడుస్తూనో, ఏదైనా పని చేసుకుంటూనో మాట కలపండి. ‘ఇంటర్వెల్లో ఎవరితో ఉంటావు?’, ‘బస్సులో నీ పక్కన ఎవరు?’, ‘మీ క్లాసులో అందరూ ఎక్కువగా ఎవర్ని ఏడిపిస్తారు?’ ఆఖరి ప్రశ్న బాగా పనిచేస్తుంది. వేరే పిల్లాడి గురించి చెబుతూ చెబుతూ తన దగ్గరికే వస్తాడు. అప్పుడు ‘మరి నువ్వేం చేశావు?’ అని మాత్రం అనకండి, తప్పు తనదేనని వినిపిస్తుంది. ‘చెప్పి మంచిపని చేశావు నాన్నా. నీకు చెప్పకుండా నేనేమీ చేయను’ అనండి. ఆ మాట నిలబెట్టుకోండి.

ఆ రాత్రే ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి: తేదీ, చోటు, ఎవరెవరు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, పక్కన ఎవరున్నారు. దాంతో క్లాస్ టీచర్ని కలవండి. ‘మావాణ్ని అందరూ ఏడిపిస్తున్నారు’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ‘ఫలానా రోజు మెట్ల కింద ముగ్గురు కలిసి బ్యాగు లాక్కున్నారు’ అంటే విచారించడానికి దారి దొరుకుతుంది. ఏం చేస్తారు, ఎవరు చూసుకుంటారు, మనం మళ్లీ ఎప్పుడు కలవాలి అన్నవి అడగకుండా బయటికి రావద్దు. వారం దాటనివ్వకండి. అవతలి పిల్లల తల్లిదండ్రులకు మీరే ఫోన్ చేయడం మాత్రం వద్దు. వాళ్లు తమ బిడ్డనే వెనకేసుకొస్తారు, దాని ఫలితం మరునాడు మీ బాబు అనుభవిస్తాడు.

ప్రశ్న: పిల్లలన్నాక కొట్టుకోరా? ఒకటి కొడితే రెండు కొట్టమని మావాడికి చెప్పాను. వాళ్లమ్మ తప్పంటోంది.

జవాబు: ఆవిడ మాటే సరైనది. ఇద్దరు సమానుల మధ్య జరిగేది కొట్లాట. వేధింపు వేరు. నార్వేలో దశాబ్దాలపాటు వేధింపునే అధ్యయనం చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్ దానికి మూడు గుర్తులు చెప్పారు: కావాలని చేయడం, పదేపదే చేయడం, ఇద్దరి బలం సమానంగా లేకపోవడం. బలమంటే కండబలమే కాదు. వయసు, వెనకున్న గుంపు, క్లాసులో పలుకుబడి కూడా బలమే. తిరిగి కొట్టి గెలవగలిగే పిల్లాడైతే అసలు వాణ్ని ఎంచుకునేవాళ్లే కాదు. పైగా పది రోజుల వేధింపు ఎవరికీ కనపడకపోయినా, మీవాడు కొట్టిన ఒక్క దెబ్బ టీచరు కంట పడుతుంది.

పెద్దయ్యాక అదే మర్చిపోతాడనీ అనుకోకండి. బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టినవాళ్లను దశాబ్దాలపాటు గమనిస్తూ వచ్చారు. ఏడు, పదకొండేళ్ల వయసులో తరచూ వేధింపుకు గురైనవాళ్లలో 45 ఏళ్లప్పుడు కూడా కుంగుబాటు, ఆందోళన ఎక్కువగా ఉన్నాయని 2014లో తేలింది.

మీవాడితో ఇంట్లో సాధన చేయించాల్సింది వేరే ఉంది: నిటారుగా నిలబడి, అవతలివాడి ముఖంలోకి చూసి, ‘ఆపు’ అని గట్టిగా ఒక్కసారి అనడం, వెంటనే జనం ఉన్న వైపు నడిచి వెళ్లడం, అదే రోజు ఒక పెద్దవాళ్లకు చెప్పడం. చెప్పడం చాడీ కాదని మీ నోటితో వినాలి వాడు.

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఇంకో అమ్మాయితో ఎవరూ మాట్లాడకుండా చేస్తోందట. బడి నుంచి పిలిచి చెప్పారు. మంచి మార్కులు, పెద్దల దగ్గర ఎంతో మర్యాద. మా పెంపకంలో లోపమా?

జవాబు: మర్యాదకూ దీనికీ సంబంధం లేదు. ఇంకొకరిని ఏడిపించే పిల్లలందరూ లోపల కుంగిపోయినవాళ్లే అన్నది అపోహ. చాలామందికి ఎదుటివాళ్ల మనసు చదవడం బాగా వచ్చు. ఎక్కడ నొప్పి పుడుతుందో తెలిసే అక్కడ నొక్కుతారు. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య క్లాసులో తన స్థానం ఏమిటన్నది పిల్లలకు ప్రాణసమానం. ఒకరిని వెలివేస్తే మిగతావాళ్లు తన చుట్టూ చేరతారు, అదే లాభం. ఇంట్లో కొట్టడం, హేళనగా మాట్లాడటం, ఎక్కడికెళ్తున్నారో ఎవరూ పట్టించుకోకపోవడం కూడా కారణాలే. మీ ఇంటి వరకు వాటిని నిజాయితీగా చూసుకోండి. తనే ఇంకెక్కడైనా వేధింపు పడుతోందా అన్నదీ కనుక్కోండి.

‘మా పిల్ల అలాంటిది కాదు’ అనొద్దు, కొట్టొద్దు. బలమున్నవాళ్లదే పైచేయి అని కొట్టి నేర్పినట్టే అవుతుంది. ‘ఎందుకు చేశావు?’ అంటే సాకులొస్తాయి. ‘ఏం చేశావు, ఎవరితో ఏమన్నావు?’ అని వరసగా చెప్పించండి. బలవంతపు సారీ కంటే చెడగొట్టినదాన్ని సరిచేయించడం మేలు. పుకారు పుట్టించి ఉంటే, అది అబద్ధమని అదే గ్రూపులో తనే చెప్పాలి. ఆ తర్వాత నెల రోజులు వారానికోసారి టీచరుతో మాట్లాడండి.

ప్రశ్న: నేను టీచర్ని. ఏడిపించినవాడికీ ఏడ్చినవాడికీ చేతులు కలిపించి సారీ చెప్పించాను. వారానికే మళ్లీ మొదలైంది. ఏం చేయాలి?

జవాబు: రాజీ సమానుల మధ్యే కుదురుతుంది. ఇక్కడ మీ ముందు చేతులు కలిపి, బయటికి వెళ్లాక ‘మాస్టారికి చెబుతావా?’ అంటారు. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టవద్దు. ముందు దెబ్బతిన్న పిల్లాడితో విడిగా మాట్లాడండి. తర్వాత మిగతావాళ్లను అదే రోజు, ఒకరి వెంట ఒకరిని, మధ్యలో మాట్లాడుకునే వీలు లేకుండా పిలవండి. ఎవరు చెప్పారో చెప్పకండి. ‘ఇది జరుగుతోందని తెలుసు, ఇక ఆగాలి. రేపటి నుంచి నువ్వు ఏం చేస్తావు?’ అని అడిగి, అతని జవాబు రాసుకోండి. రెండు వారాలకు మళ్లీ పిలవండి. ఈ రెండో పిలుపు ఎగ్గొడితే మొదటిదంతా వృథా.

అసలు పట్టు చూసేవాళ్ల దగ్గరుంది. కెనడాలో ఆటస్థలాల్లో వీడియో తీసి గమనిస్తే, తోటిపిల్లలు కల్పించుకున్న సందర్భాల్లో సగానికి పైగా పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. కానీ కల్పించుకున్నది మాత్రం ఐదింట ఒకసారి కంటే తక్కువ. నవ్వే గుంపు లేకపోతే ఏడిపించేవాడికి పనే లేదు. క్లాసులో మంచిపేరున్న ఇద్దరు ముగ్గురిని విడిగా పిలిచి, ఆ పిల్లాడి పక్కన కూర్చోమని, ఆటలో కలుపుకోమని అడగండి. జట్లు పిల్లల్ని ఎంచుకోనివ్వకుండా మీరే వేయండి. బడి పటం ఇచ్చి, భయం వేసే చోట పేరు రాయకుండా ఒక గుర్తు పెట్టమనండి. గుర్తులు ఎక్కువున్న చోట ఇంటర్వెల్లో ఒక టీచరు నిలబడాలి.

ప్రశ్న: నాకు పదిహేనేళ్లు. నా ఫొటోను స్టిక్కర్‌గా చేసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో తిప్పుతున్నారు. అమ్మకు చెబితే ఫోన్ లాక్కుంటుంది.

జవాబు: ఇందులో నీ తప్పేమీ లేదమ్మా. గ్రూపులో బదులివ్వకు, వాళ్ల ఫొటోతో నువ్వూ చేయకు. పంపినవాళ్ల పేరు, నంబరు, తేదీ, టైమ్ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచు. అవి భద్రమయ్యాకే రిపోర్ట్ చేసి, బ్లాక్ చెయ్యి. ముందే గ్రూపులోంచి బయటికొచ్చి చాట్ తీసేస్తే సాక్ష్యం పోతుంది. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, రేపటి దాకా ఆగకుండా ఈ రాత్రే నమ్మకమున్న పెద్దవాళ్లకు చెప్పు.

అమ్మకు ఈ పేజీ చూపించు. అమ్మా, ఫోన్ తీసుకోకండి. తీసుకుంటే శిక్ష మీ అమ్మాయికే పడుతుంది, ఇంకోసారి మీకు చెప్పదు. పక్కన కూర్చుని స్క్రీన్‌షాట్లు చూడండి. వాటిని బడికి ఎవరు తీసుకెళ్లాలో, ఎప్పుడు తీసుకెళ్లాలో తననే అడగండి.