మూత వేసినవాడి కథ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ఇంగ్లండులో ఒక పాత ఇల్లు. కొత్తగా కొనుక్కున్న భార్యాభర్తలు వంటగదిలో గచ్చు తీయిస్తుంటే కింద బోలుగా చప్పుడవుతుంది. ఇంకాస్త తవ్వితే రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబు షెల్టర్. ఎత్తుగడ బావుంది. పనివాడు గునపం పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో నేలని తట్టి చూస్తాడే, అక్కడ నేనూ ఊపిరి బిగబట్టాను. ఆ ముక్క నువ్వు ఎక్కడో కళ్లారా చూసి రాశావు. తర్వాతి ఆరు పేజీలు మాత్రం సినిమాల్లోంచి వచ్చాయి.

ముందు ఆ అస్థిపంజరాన్ని తీసెయ్. దాని చేతిలో ఉన్న ఉత్తరాన్ని కూడా. ఒక్కసారి ఆలోచించు. జనం మరిచిపోయిన షెల్టర్ అంటే ఏమిటి? అందులో దిగినవాళ్లు తెల్లారేసరికి మళ్లీ మెట్లెక్కి వచ్చారనేగా! మనుషులు పోయిన చోటుని ఎవరూ అంత తేలిగ్గా మరిచిపోరు. లండన్‌లో బెత్నల్ గ్రీన్ అని ఒక భూగర్భ స్టేషన్ ఉంది. 1943 మార్చి 3 రాత్రి అక్కడ తలదాచుకోవడానికి దిగుతున్న జనం మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడి 173 మంది చనిపోయారు. ఆ చోట ఒక్క బాంబు కూడా పడలేదు. ఇప్పుడక్కడ స్మారకం కట్టి, పేర్లన్నీ చెక్కి పెట్టారు. నీ వంటగది కింద గదికి అలాంటి గతం ఉంటే వీధి వీధంతా చెప్పుకునేవాళ్లు, ఇల్లు అమ్మినవాడు చెప్పకపోయినా.

అందుకే నీ కథలో నాకు అసలు ప్రశ్న ఆ గదిని కనుక్కున్నవాడి గురించి కాదు. దాని మీద గచ్చు వేయించినవాడి గురించి. ఒక గది దానంతటది మాయం కాదు కదా. ఎవరో ఒకరోజు, పట్టపగలు, కింద ఏముందో పూర్తిగా తెలిసి దాన్ని మూసేశారు. ఎందుకు మూశారు, ఆ తర్వాత ఇంట్లో వాళ్లకి ఎందుకు చెప్పలేదు? నీ కథ అక్కడ ఉంది. నువ్వు దాన్ని తొక్కుకుంటూ కిందికి దిగిపోయావు.

అది రాయాలంటే ఆ వస్తువు గురించి తెలియాలి. రెండో పేజీలో గోడలు ముడతల రేకు అన్నావు, నాలుగో పేజీకి ఇటుకలయ్యాయి. ముడతల రేకు అంటే అది ఆండర్సన్ షెల్టర్. 1938లో తయారుచేసి 1939 ఫిబ్రవరి నుంచి ఇళ్లకి పంచారు. ఏడాదికి 250 పౌండ్ల లోపు సంపాదించే వాళ్లకి ఉచితం, మిగతావాళ్లకి 7 పౌండ్లు. మొత్తం 36 లక్షల దాకా పంచారంటారు. జింకు పూత పూసిన రేకుల్ని విల్లులా వంచి పైన బోల్టులతో బిగించి, నాలుగడుగుల గోతిలో దింపి, పైన కనీసం 15 అంగుళాల మట్టి కప్పేవాళ్లు. లోపల ఆరున్నర అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు, ఆరుగురు మనుషులు. నీ గదిలో ఒక చాపంత జాగాలో ఆరుగుర్ని కూర్చోబెట్టి చూడు, ఎవరి మోకాలు ఎవరికి తగులుతుందో తెలుస్తుంది.

కానీ అది పెరట్లో ఉండేది, ఇంటి కింద కాదు. మరి వంటగది కిందికి ఎలా వచ్చింది? ఇదేమీ తప్పు కాదు, నీకు వరం. యుద్ధం అయిపోయింది. ప్రభుత్వం చాలా రేకుల్ని వెనక్కి తీసుకుంది, ఉంచుకోవాలనుకున్నవాళ్లు కొంత డబ్బు కట్టి ఉంచుకున్నారు. ఎంతోమంది వాటిని సామాన్ల కొట్టంగా వాడుకున్నారు. నీ ఇంటాయన కూడా కొన్నాళ్లు పారలు, సైకిలు పెట్టుకున్నాడనుకో. వానాకాలం నీళ్లు నిండాయి. పిల్లలు అందులో దూరి ఆడుతుంటే భార్య గొడవపెట్టింది. పదిహేనేళ్లకి వంటగదిని పెరట్లోకి పెంచుకున్నాడు. రేకులు పీకి, గొయ్యి పూడ్చడానికి ఇంకో రెండు రోజులు కూలి. పైన పలకలు పరిచేస్తే సరి. బహుశా అదే కారణం, రెండు రోజుల కూలి. లేదా ఆ రంధ్రాన్ని రోజూ చూడలేకపోయాడు. ఈ రెంటిలో ఏది నిజమో అతనికే తెలియకపోతే ఇంకా మంచిది. అతన్ని రాయి.

ఇటుకలే కావాలంటే ఇంటి కింద నేలమాళిగకి దిమ్మలు ఆనించి, పైకప్పుని బలపరిచారని రాయి. అదీ జరిగింది. అప్పుడు వేరే కథ అవుతుంది. ఏదో ఒకటి ఎంచుకో.

రాత్రి దృశ్యాల గురించి. సైరన్, కేక, పరుగు, దేవుడా దేవుడా అనే ముసలమ్మ, మూడు పేజీలు ఇదే. 1940 సెప్టెంబర్ 7 నుంచి దాదాపు రెండు నెలలు లండన్ మీద ప్రతి రాత్రీ బాంబులు పడ్డాయి. మొదటి రాత్రి నువ్వు రాసినట్టే ఉండొచ్చు. ముప్ఫయ్యో రాత్రి సంగతేంటి? తడిసిన పరుపు, మూలన బకెట్టు, దాని మీద కప్పిన గుడ్డ, పక్కింటాయన గురక, రేకు మీంచి మెడ మీద పడే చెమ్మ బొట్టు. భయం కంటే విసుగు ఎక్కువ. ఆ నవంబర్‌లో లెక్కతీస్తే లండన్‌లో భూగర్భ స్టేషన్లలో పడుకునేవాళ్లు నూటికి 4 మంది, ప్రజా షెల్టర్లలో 9 మంది, ఇంటి షెల్టర్లలో 27 మంది. మిగతావాళ్లంతా ఇంట్లోనే పడుకున్నారు. ఏ సినిమాలోనూ వాళ్లు కనపడరు. నీ ఇంటాయన కూడా సగం రాత్రులు కిందికి దిగకుండా మంచం మీదే ఉండిపోయాడని, భార్య ఒక్కతే పిల్లల్ని తీసుకుని దిగేదని రాస్తే? అప్పుడు ఆయన ఆ గోతిని ఎందుకు కప్పేశాడో పాఠకుడికి వేరేగా తడుతుంది. నాకైతే ఇది రాస్తున్నప్పుడే తట్టింది. కావాలంటే వాడుకో.

ఒక సంగతి చెప్తాను, నవ్వకు. నా మొదటి యుద్ధ కథలో దాడి అయిపోయిందని సైరన్ "ఎక్కుతూ దిగుతూ" మోగింది, అందరూ హాయిగా బయటికొచ్చారు అని రాశాను. అచ్చయిన వారానికి ఒక పెద్దాయన కార్డు రాశారు. ఎక్కుతూ దిగుతూ మోగేది దాడి వస్తోందని చెప్పడానికట, అయిపోయాక ఒకటే స్థాయిలో ఏకధాటిగా మోగుతుందట. కాబట్టి నా పాత్రలన్నీ సరిగ్గా విమానాలు వచ్చే వేళకి వీధిలోకి వచ్చాయని, కథ తర్వాతి భాగం కోసం ఎదురుచూస్తున్నానని రాశారు. ఆ కార్డు చాలా ఏళ్లు నా టేబుల్ సొరుగులో ఉండేది.

ఈ కథని విశాఖపట్నానికి మార్చనా, మనవాళ్లకి దగ్గరగా ఉంటుంది అని అడిగావు. వద్దు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు అక్కడ బాంబులు వేసిన మాట నిజమే, ఆ రోజే కాకినాడ మీద కూడా. కానీ నీ కథ ఆ ఒక్క రోజు భయం గురించి కాదు, నెలల తరబడి ప్రతి రాత్రీ అదే గోతిలోకి దిగడం గురించి. ఊరి పేరు మార్చినంత మాత్రాన ఆ రాత్రులు అక్కడికి రావు. విశాఖ కథ రాయాలనుంటే అది విడిగా రాయి, దానికి వేరే తవ్వకం కావాలి.

దొరికిన దృశ్యం కూడా తిరగరాయి. నీ కథానాయకుడు ఫోన్ లైటు పట్టుకుని ఒక్క దూకు దూకుతాడు. ఏళ్ల తరబడి మూసి ఉన్న గోతిలో గాలి ఆడదు, మనిషి సొమ్మసిల్లి పడొచ్చు. పైగా నాకు తెలిసి ఇలాంటివాటిలో మొదట కనపడేది నిలవనీళ్లే. పనివాడు వెంటనే దూకకుండా చిన్న రాయి వేసి, నీళ్ల చప్పుడు వినాలి. ఇంటివాళ్లు రెండ్రోజులు ఆగాలి, ఎవరినో పిలవాలి, డబ్బు గురించి కొట్లాడుకోవాలి. పూడ్చేద్దాం అని భర్త అంటే? ఎన్నో ఏళ్ల కింద ఇంకొకాయన అన్న మాటే మళ్లీ అన్నాడని వాళ్లకి తెలియదు. నువ్వు కూడా చెప్పకు.

నెలాఖరుకి పంపు. తొందరేం లేదు, కానీ ఆలస్యం చేస్తే మళ్లీ అస్థిపంజరం వచ్చి కూర్చుంటుంది.

ఆశీస్సులతో.

తా.క. వంటగది తలుపు రెండో పేజీలో లోపలికి తెరుచుకుంది, ఏడో పేజీలో బయటికి. చూసుకో.