పాత కౌబాయ్ కామిక్స్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న (గుంటూరు నుంచి): 1950 ప్రాంతపు అమెరికన్ కౌబాయ్ కామిక్స్‌లో ఘోస్ట్ రైడర్ అని తెల్ల ముసుగు వీరుడొకడున్నాడు. ఆ కథల మీద హక్కులు తీరిపోయాయంటున్నారు. వంద ప్రతులు అచ్చు వేసుకోవచ్చా?

జవాబు: కథ వేరు, పేరు వేరు. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే చిక్కు వస్తుంది.

ముందు కథ సంగతి. ఈ వీరుణ్ణి మ్యాగజైన్ ఎంటర్‌ప్రైజెస్ సంస్థ 1949లో ‘టిమ్ హోల్ట్’ 11వ సంచికలో పరిచయం చేసింది. బొమ్మలు డిక్ ఏయర్స్‌వి. 1964కు ముందు అమెరికాలో అచ్చయిన వాటికి 28వ ఏట కాపీరైట్‌ను తిరిగి నమోదు (రెన్యువల్) చేయించుకోవాల్సి ఉండేది, చేయించుకోకపోతే హక్కు పోయేది. కాబట్టి 1950 సంచికకు 1977, 1978 సంవత్సరాల రెన్యువల్ జాబితాలు వెతకాలి. వెతికే ముందు లోపలి మొదటి పుట అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ప్రచురణ వివరాలు చూసి సంచిక, నెల, సంస్థ చట్టబద్ధమైన పేరు రాసుకోండి. అట్ట మీది గుర్తుతో వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. ఏమీ దొరకలేదు కదా అని హక్కు లేదనుకోవడమే అందరూ చేసే పొరపాటు. పత్రిక పేరుతోనూ, కథ పేరుతోనూ, రచయిత పేరుతోనూ విడివిడిగా చూడాలి.

ఇక పేరు. 1967లో మార్వెల్ సంస్థ అదే పేరుతో, అలాంటి తెల్ల దుస్తులతోనే మరో కౌబాయ్‌ని తెచ్చింది. అతనికీ బొమ్మలు గీసింది ఏయర్సే. అందుకే ఫ్లోరిడాకు చెందిన ఏసీ కామిక్స్ పాత కథలను మళ్లీ వేసినప్పుడు వీరుడి పేరును ‘హాంటెడ్ హార్స్‌మన్’గా మార్చింది. మీరూ అట్ట మీద ‘ఘోస్ట్ రైడర్’ అన్న పేరు వాడకండి. టిమ్ హోల్ట్ నిజంగా ఉన్న సినిమా నటుడు, అదే సంస్థ కామిక్స్‌లో వచ్చిన మరో వీరుడు డురాంగో కిడ్ కొలంబియా సినిమాల పాత్ర. వాళ్ల ఫొటో అట్టల జోలికి పోకపోవడం మంచిది.

మన దేశంలో అచ్చు వేస్తే లెక్క మారుతుంది. మన చట్టం ప్రకారం రచయిత, చిత్రకారుడు మరణించాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఏయర్స్ చనిపోయింది 2014లో. అమెరికాలో హక్కు తీరిన కథకు ఇక్కడ రక్షణ ఉందా లేదా అన్నది కాపీరైట్ లాయరు చేత కాగితం మీద రాయించుకున్నాకే ప్రెస్‌కు వెళ్లండి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): టెక్స్ విల్లర్ కూడా 1948 నాటివాడే. తెలుగులో వేయవచ్చా?

జవాబు: అనుమతి లేకుండా వేయకూడదు. టెక్స్ ఇటలీలో పుట్టిన కౌబాయ్ కామిక్స్ వీరుడు. 28 ఏళ్ల రెన్యువల్ నియమం అమెరికాది, అక్కడ లేదు. సృష్టికర్త జాన్ లుయీజీ బోనెల్లి 2001 దాకా బతికారు, పుస్తకం ఇప్పటికీ వస్తోంది. శివకాశి నుంచి తమిళంలో ఏళ్ల తరబడి టెక్స్ వస్తున్నాడు కదా, తెలుగుకూ దారి లైసెన్సే.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): నెట్‌లో దొరికిన స్కాన్‌లు అచ్చు వేయిస్తే బొమ్మలు మసకగా వచ్చాయి, ఆకాశమంతా గళ్లు గళ్లుగా పడింది. ఎందుకు?

జవాబు: మసకకు కారణం కొలత. పుట వెడల్పు సుమారు 7 అంగుళాలు. 300 డీపీఐకి, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున, కనీసం 2,100 పిక్సెళ్లు కావాలి, నల్ల గీతకు అదీ చాలదు. తెర మీద చదవడానికి చేసిన స్కాన్‌లో అంత ఉండదు. గళ్లకు కారణం చుక్కలు. పాత కామిక్స్ రంగులు ముతక చుక్కలతో అచ్చయ్యాయి. వాటి మీద ఇప్పటి ప్రెస్ తన సన్నని చుక్కలు వేస్తే రెండూ ఢీకొని ఆ గళ్లు పుడతాయి. దాన్నే మోయిరే అంటారు.

అసలు ప్రతి చేతిలో ఉంటే పుట వెనక నల్ల కాగితం పెట్టి, 600 డీపీఐలో, రంగులో స్కాన్ చేసి టిఫ్ (నాణ్యత తగ్గని బొమ్మ ఫైలు)గా దాచండి. నల్ల కాగితం లేకపోతే వెనక పుట బొమ్మ ఇటు కనిపిస్తుంది. స్కానర్‌లోని షార్పెన్ (గీతలకు పదును పెట్టేది), డీస్క్రీన్ (చుక్కలు చెరిపేది) రెండూ ఆపేయండి.

తరువాత రంగుల నుంచి నల్ల గీతను విడదీయాలి. అసలు కష్టమంతా ఇక్కడే. రంగు స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఛానెళ్లు (పొరలు) ఉంటాయి. ఎరుపు ఛానెల్‌లో పసుపు, మజెంటా (ముదురు గులాబీ) చుక్కలు దాదాపు మాయమవుతాయి, కాగితం పసుపుదనమూ చాలావరకు పోతుంది. నీలాకాశం ఉన్నచోట మాత్రం సయాన్ (లేత నీలం) చుక్కలు నల్లగా నిలబడతాయి, ఆ భాగాన్ని నీలం ఛానెల్ నుంచి తెచ్చి అతికించండి. పచ్చగడ్డికి ఆకుపచ్చ ఛానెల్ నప్పుతుంది. అప్పుడు 1200 డీపీఐకి పెంచి, ఆ తర్వాతే థ్రెషోల్డ్ (ప్రతి పిక్సెల్‌నూ నలుపో తెలుపో చేసేది) వేయండి. ముందే వేస్తే గీతలు మెట్లు మెట్లుగా తేలతాయి. మరీ ముదురుగా వేస్తే కుంచె గీతల మధ్య సందులు పూడిపోతాయి. ఘోస్ట్ రైడర్ తన కేప్‌ను నల్ల లోపలి వైపుకు తిప్పి కప్పుకుంటాడు, చీకట్లో తల ఒక్కటే గాలిలో తేలినట్టు కనిపిస్తుంది. ఆ నలుపులో ఏయర్స్ వదిలిన ఒకటి రెండు సన్నని తెల్ల గీతలు పోతే పేజీ చచ్చిపోతుంది. వాటిని చేత్తోనైనా కాపాడుకోవాలి.

రంగులు కొత్తగా నింపేటప్పుడు సయాన్, మజెంటా, పసుపు ఒక్కోటి 0, 25, 50, 100 శాతాలకే పరిమితం చేయండి. ఆనాటి 64 రంగులు అలా వచ్చినవే. గ్రేడియెంట్లు (మెల్లగా మారే రంగులు) వద్దు. నలుపు ఒక్కటే 100 శాతం, ఓవర్‌ప్రింట్‌తో (కింది రంగుల మీదే అచ్చయ్యేలా) వెళ్లాలి. నాలుగు రంగులూ కలిపిన నలుపైతే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల చుట్టూ రంగు అంచు వస్తుంది. ఆర్ట్ పేపర్ మీద ఈ రంగులు కళ్లలో పొడుస్తాయి, 80 లేదా 90 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాప్‌లిథో, అంటే మెరుపు లేని కాగితం, చాలు. పిన్ను కొట్టే పుస్తకానికి పుటలు 4తో భాగించబడాలి.

ప్రశ్న (విజయవాడ నుంచి): అసలు ప్రతులు కొనాలంటే ఏం చూడాలి? ఎలా దాచాలి?

జవాబు: స్కాన్ కోసమైతే అట్ట లేని ప్రతి మేలు, చాలా చవక. నడిమి కాగితం ఊడిపోయిందేమో, కూపన్ కత్తిరించి వెనక పుటలో బొమ్మకు కన్నం పెట్టారేమో అమ్మేవాళ్లను ఫొటో అడిగి మరీ చూడండి. ఐ.డబ్ల్యూ. సంస్థ 1958 నుంచి 1964 వరకు పాత కథలనే కొత్త అట్టలతో వేసింది. అవి తొలి ముద్రణలు కావు, వాటి మీది సంచిక సంఖ్యను నమ్మకండి.

దాచడానికి పాలీప్రొపిలీన్ లేదా మైలార్ సంచి, వెనక ఆసిడ్ లేని అట్ట వాడండి. పీవీసీ కవర్లు వద్దే వద్దు. మీ ఊరి తేమకు ముందు పిన్నులు తుప్పు పడతాయి, ఆ తర్వాత రామబాణం పురుగు చేరుతుంది. పెట్టెలో సిలికా జెల్ పెట్టి, వానాకాలంలో నెలకోసారి మార్చండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి, దాని జిగురు ముదిరి కాగితంలోకి ఇంకాక ఆ గోధుమరంగు మరక స్కాన్‌లోనూ పోదు.