ఎం.ఐ.ఎస్. పేపరుకి ఒక్క జీడి ఫ్యాక్టరీ చాలు

విజయనగరం

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

నువ్వు పంపిన ఎం.ఐ.ఎస్. (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) పాత ప్రశ్నపత్రాలు ఐదూ చూశాను. 70 మార్కులు, 3 గంటలు; 4 మార్కుల చిన్న ప్రశ్నలు 5, పదేసి మార్కుల పెద్ద ప్రశ్నలు 5. చేతిలో 3 వారాలుంది, సరిపోతుంది. కామర్స్ చదివిన పిల్లలు ఇది కంప్యూటర్ పేపరని హడలిపోతారు. కంప్యూటర్స్ చదివినవాళ్లు మనకి తెలిసిందేలే అని పుస్తకం తియ్యరు. రెండు పక్కలా మార్కులు పోతాయి. సంస్థలో ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు, దానికి ఏ లెక్క కావాలి, ఆ లెక్క ఎక్కడ పుట్టి ఎవరి చేతులు దాటి వాళ్ల బల్ల మీదకి వస్తుంది? ఈ సబ్జెక్టులో ఏ చాప్టరు తీసినా ఈ ప్రశ్నే ఉంటుంది.

అందుకని ముందు నీకు కళ్లతో చూసిన సంస్థ ఒకటి పట్టుకో. మీ అమ్మమ్మగారిది కాశీబుగ్గ కాబట్టి పలాస జీడి ఫ్యాక్టరీని మించింది నీకు దొరకదు. పిక్కల బస్తా గేటు దాటడం, తూకం, ఉడకబెట్టడం, కటింగ్, బొర్మా అనే వేడి గదిలో ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్, టిన్నుల్లో ప్యాకింగ్. ఈ వరసని ఒక పెద్ద కాయితం మీద గీసి హాస్టల్ గోడకి అంటించు. ప్రతి చాప్టరునీ దాని మీద పెట్టి చూడు. పుస్తకంలోని విదేశీ కంపెనీల కథలు అందరూ బట్టీ పట్టి రాస్తారు, దిద్దేవాళ్లు అవే చదివి చదివి ఉంటారు. నీ ఉదాహరణ వేరుగా ఉండి, అమరికగా ఉంటే కలం ఒక్క క్షణం ఆగుతుంది.

మొదటి యూనిట్లోనే సగం పేపరుంది. టీపీఎస్ (ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ సిస్టమ్), ఎంఐఎస్, డీఎస్ఎస్ (డెసిషన్ సపోర్ట్ సిస్టమ్), ఈఐఎస్ (పైవాళ్లకి సారాంశం చూపే ఎగ్జిక్యూటివ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్) నాలుగింటికీ నిర్వచనాలు రాసి ఊరుకుంటే పదికి ఐదు వస్తాయి. ఒకే లెక్క కింది నుంచి పైకి ఎలా మారుతుందో చూపిస్తే ఎనిమిది దాకా వస్తాయి. ఇలా రాయి. గేటు దగ్గర గుమస్తా బస్తా నంబరు, బరువు, ఎవరి సరుకు అన్నది ఎక్కిస్తాడు. బస్తా 80 కిలోలు. ఇది ట్రాన్సాక్షన్, టీపీఎస్ పని ఇంతే. వారం తిరిగేసరికి 100 బస్తాలు, అంటే 8,000 కిలోల పిక్కలు లోపలికి వెళ్లాయనుకో. నూటికి 25 పప్పు రావాలని లెక్క పెట్టుకుంటే 2,000 కిలోలు రావాలి. 1,900 వచ్చింది, అంటే 23.75 శాతం. ఆ 100 కిలోల తేడాని సూపర్‌వైజరు అడక్కుండానే ముందు పెట్టేది ఎంఐఎస్. దీన్నే ఎక్సెప్షన్ రిపోర్టు అంటారు. అంతా బాగున్నప్పుడు పేజీలకి పేజీలు ఇవ్వదు, తేడా వచ్చిన చోటే చూపిస్తుంది. ఇక యజమాని ప్రశ్న వేరు. మార్చి, ఏప్రిల్‌లలో ఉద్దానం పిక్కలు దిగేదాకా ఆగాలా, ఆఫ్రికా పిక్కలు ఇప్పుడే కొనాలా? ధర ఇంత పెరిగితే ఎలా, పప్పు రేటు ఇంత పడితే ఎలా అని అంకెలు మార్చి మార్చి చూసుకోడానికి డీఎస్ఎస్. తీర్పు మాత్రం యజమానిదే. డీఎస్ఎస్ నిర్ణయం తీసుకుంటుందని రాయకు, సాయం చేస్తుందని రాయి. ఆ ఒక్క మాటకే మార్కు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

దీనికి పక్కనే రెండు పేర్లు, రెండు సంవత్సరాలు గుర్తుంచుకో. రాబర్ట్ ఆంథొనీ 1965లో నిర్వహణ పనుల్ని మూడు మెట్లు చేశాడు: ఆపరేషనల్ కంట్రోల్, మేనేజ్‌మెంట్ కంట్రోల్, స్ట్రాటజిక్ ప్లానింగ్. గోరీ, స్కాట్ మోర్టన్ 1971లో ఆ మూడింటినీ అడ్డంగా పెట్టి, స్ట్రక్చర్డ్ (నియమం ప్రకారం తేలేవి), సెమీ స్ట్రక్చర్డ్, అన్‌స్ట్రక్చర్డ్ (నియమం లేనివి) నిర్ణయాల్ని నిలువుగా పెట్టి 9 గళ్ల పట్టిక గీశారు. ఆ పట్టిక గీసి, గళ్లలో నీ ఉదాహరణలు నింపు. సెమీ స్ట్రక్చర్డ్‌కి పిల్లలు తడబడతారు. మన పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం కదా. ఆ రోజు విజయనగరానికి ఎన్ని స్పెషల్ బస్సులు వెయ్యాలి? పోయినేడు టిక్కెట్ల లెక్క సగం దారి చూపిస్తుంది. మిగతా సగం వాన పడుతుందా, జనం ఎటువైపు నుంచి ఎక్కువొస్తారు అన్న అనుభవం. అదే సెమీ స్ట్రక్చర్డ్.

హెర్బర్ట్ సైమన్ నిర్ణయ దశలు మూడు: ఇంటెలిజెన్స్, డిజైన్, ఛాయిస్. ఇక్కడ ఇంటెలిజెన్స్ అంటే తెలివితేటలు కాదమ్మా. సమస్య ఎక్కడుందో వెతికి సమాచారం కూడగట్టడం, సైన్యంలో వాడే అర్థం. తెలివితేటలని రాసిన జవాబు మొదటి వాక్యంలోనే పడిపోతుంది.

రెండో బరువైన చోటు సిస్టమ్ అనాలిసిస్. ఫీజిబిలిటీ (కొత్త సిస్టమ్ సాధ్యమా, గిట్టుబాటా అన్నది) అడిగితే టెక్నికల్, ఎకనామిక్, ఆపరేషనల్ అని పేర్లు పెట్టి వదిలెయ్యకు, ఎకనామిక్‌కి ఒక చిన్న లెక్క వెయ్యి. సాఫ్ట్‌వేర్‌కి 3,00,000 రూపాయలు, ఏటా మిగిలేది 1,20,000, ఏటా నిర్వహణ ఖర్చు 20,000. నికరంగా 1,00,000, అంటే పెట్టుబడి 3 ఏళ్లకి తిరిగొస్తుంది. నిర్వహణ ఖర్చు మర్చిపోతే రెండున్నరేళ్లని తప్పు జవాబు వస్తుంది. ఎక్కువమంది చేసేది ఆ తప్పే. 10 శాతం వడ్డీ మీద 5 ఏళ్లకి నికర ప్రస్తుత విలువ కూడా చూపించగలిగితే మంచిది: ఏటా వచ్చే రూపాయికి ఈనాటి విలువ చెప్పే ఫ్యాక్టర్ 3.791, దాన్ని 1,00,000తో గుణిస్తే 3,79,100, అందులో పెట్టుబడి తీసేస్తే 79,100 మిగులు. కాలిక్యులేటర్ లేకుండా కూడా చెయ్యొచ్చు.

డీఎఫ్‌డీ (డేటా ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతుందో చూపే డేటా ఫ్లో డయాగ్రమ్) బొమ్మకి చెయ్యి అలవాటు కావాలి, చదివితే రాదు. కనీసం పదిసార్లు గియ్యి. ముందు కాంటెక్స్ట్ డయాగ్రమ్: మధ్యలో ఒక్కటే ప్రాసెస్, దాని నంబరు 0, చుట్టూ పిక్కల వ్యాపారి, పప్పు కొనేవాడు, బ్యాంకు. డేటా స్టోర్ (లెక్కలు దాచే చోటు) ఇందులో గియ్యకూడదు. తర్వాతి బొమ్మలో దాన్ని 1.0 కొనుగోలు, 2.0 ఉత్పత్తి, 3.0 అమ్మకం అని విప్పాలి. కాంటెక్స్ట్ బొమ్మలో లోపలికి వచ్చిన బాణాలు, బయటికి పోయిన బాణాలు అన్నీ ఇక్కడ కూడా కనపడాలి. ఒక్కటి తక్కువైనా బ్యాలెన్స్ తప్పినట్టే. బొమ్మ అయ్యాక ప్రతి ప్రాసెస్ మీదా వేలు పెట్టి చూసుకో: లోపలికి బాణం ఉండి బయటికి లేకపోతే అది నుయ్యి, పడ్డ డేటా మళ్లీ రాదు. బయటికి ఉండి లోపలికి లేకపోతే శూన్యంలోంచి డేటా పుట్టించినట్టు. రెండు డేటా స్టోర్ల మధ్య నేరుగా బాణం ఉండకూడదు, మధ్యలో ప్రాసెస్ ఉండాలి. బాణం మీద క్రియ రాయకు. ‘బిల్లు పంపు’ అని కాదు, ‘బిల్లు’ అని రాయి. ‘అయితే, కాకపోతే’ అన్న డైమండ్ గుర్తు ఫ్లోచార్టుది, ఇక్కడికి తేకు. ఒక పుస్తకంలోని గుండ్రటి ప్రాసెస్, ఇంకో పుస్తకంలోని డేటా స్టోర్ పెట్టె కలిపేయకుండా ఒకే పద్ధతి గుర్తులు వాడు.

నార్మలైజేషన్ (ఒకే సమాచారం పదిచోట్ల రాయకుండా పట్టికల్ని విడదియ్యడం) అంటే నీకు భయమని మీ నాన్న చెప్పాడు. ఒక్క బిల్లుతో వస్తుంది. పట్టిక ఇలా ఉందనుకో: బిల్లు నంబరు, తేదీ, వ్యాపారి కోడు, వ్యాపారి పేరు, ఊరు, గ్రేడు, ధర, టిన్నులు. ఒక బిల్లులో డబ్ల్యూ 240 పది టిన్నులు, డబ్ల్యూ 320 ఇరవై టిన్నులు, బద్ద ఐదు టిన్నులు ఉన్నాయి. మూడు గ్రేడులూ ఒకే గడిలో కుక్కితే అది ఫస్ట్ నార్మల్ ఫారం కాదు. మూడు వరసలుగా విడదియ్యి. ఇప్పుడు కీ ఏది? బిల్లు నంబరు ఒక్కటీ చాలదు, బిల్లు నంబరు, గ్రేడు రెండూ కలిస్తేనే ఒక వరస తెలుస్తుంది. తేదీ తెలియడానికి గ్రేడు అక్కర్లేదు, బిల్లు నంబరు చాలు. గ్రేడు ధర తెలియడానికి బిల్లు నంబరు అక్కర్లేదు. కీలో సగం మీదే ఆధారపడ్డ ఈ రెండు రకాల్నీ వేరే పట్టికల్లోకి తీసేస్తే సెకండ్ నార్మల్ ఫారం. బిల్లు పట్టికలో ఇంకా ఊరు ఉంది. ఊరు బిల్లుని బట్టి రాదు, వ్యాపారిని బట్టి వస్తుంది. వ్యాపారి బిల్లుని బట్టి వస్తాడు. ఈ చుట్టుదారి తెంపితే థర్డ్ నార్మల్ ఫారం. చివరికి నాలుగు పట్టికలు: బిల్లు, వ్యాపారి, గ్రేడు, బిల్లు వివరాలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అది రాస్తే దిద్దేవాళ్లకి నీకు విషయం అర్థమైందని తెలిసిపోతుంది. జీడిపప్పు ధర రోజూ ఒకేలా ఉండదు. ధర గ్రేడు పట్టికలో మాత్రమే ఉంచితే, రేపు ధర మార్చినప్పుడు నిన్నటి బిల్లు మొత్తం కూడా మారిపోతుంది. కాబట్టి ఆ రోజు అమ్మిన ధర బిల్లు వివరాల్లోనే ఉండాలి. అది బిల్లు, గ్రేడు రెండింటి మీదా ఆధారపడుతుంది కనక నియమం కూడా తప్పదు. డేటాని ఇలా పట్టికల్లో పెట్టే రిలేషనల్ మోడల్ ఎడ్గర్ కాడ్‌ది, 1970. ఈ-ఆర్ (ఎంటిటీ-రిలేషన్‌షిప్) మోడల్ పీటర్ చెన్‌ది, 1976. తారుమారు చెయ్యకు.

కొత్త సిస్టమ్‌కి మారే పద్ధతులు నాలుగింటిలో పైలట్, ఫేజ్డ్ కలిపేస్తుంటారు. మొత్తం సిస్టమ్‌ని ముందు పాలకొండ బస్సు డిపో ఒక్కదానిలో పెట్టి చూడటం పైలట్. అన్ని డిపోల్లోనూ ముందు టిక్కెట్లు, తర్వాత జీతాలు, ఆ తర్వాత స్పేర్ పార్టులు పెట్టడం ఫేజ్డ్. పాతదీ కొత్తదీ రెండూ నడిపేది పారలల్: భద్రం, కానీ సిబ్బందికి రెట్టింపు పని, రెండు లెక్కలు కలవకపోతే ఏది నమ్మాలో తెలియదు. ఒక్క రాత్రిలో మార్చేసేది డైరెక్ట్. చవక, తేడా వస్తే వెనక్కి దారి ఉండదు.

సెక్యూరిటీ యూనిట్‌లో కాన్ఫిడెన్షియాలిటీ, ఇంటిగ్రిటీ, అవైలబిలిటీ మూడూ ఫ్యాక్టరీ మీద పెట్టు. కొనుగోలు ధర పక్క ఫ్యాక్టరీకి తెలియకూడదు, తూకం ఎవరూ దిద్దకూడదు, లారీ గేటు దగ్గరున్నప్పుడు సిస్టమ్ ఆగకూడదు. బ్యాకప్‌కి ఉదాహరణ దూరం పోనక్కర్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కంప్యూటరూ, బ్యాకప్ హార్డ్‌డిస్కూ ఒకే రేకుల షెడ్డులో ఉంటే అలాంటి రాత్రి రెండూ ఒక్కసారే పోతాయి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే ఊళ్లో. పైగా తీసిన బ్యాకప్‌ని అప్పుడప్పుడు తిరిగి ఎక్కించి చూడాలి. ఎంత పాత డేటా దాకా పోయినా తట్టుకోగలం అన్నది ఆర్‌పీఓ (రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్), ఎన్ని గంటల్లో మళ్లీ లేవాలి అన్నది ఆర్‌టీఓ (రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్). ఐటీ చట్టం 2000లో వచ్చింది, అక్టోబర్ 17 నుంచి అమలు, 2008లో సవరణ. ఆన్‌లైన్లో అభ్యంతరకర సందేశాలకి శిక్ష వేసే 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. పాత గైడుల్లో ఇంకా ఉంటుంది, అది చూసి రాయకు. డేటా రక్షణకి 2023 చట్టం (డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ యాక్ట్) ఒక వాక్యంలో చెప్పు.

ఈఆర్‌పీ (ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్) గురించి పొడుగ్గా చదవకు. అన్ని విభాగాలకీ ఒకే డేటాబేస్, ఒకచోట ఎక్కిస్తే అన్నిచోట్లా కనపడుతుంది. ఎందుకు విఫలమవుతుంది అని అడిగితే సాఫ్ట్‌వేర్‌ని తిట్టకు. పని పద్ధతి మార్చకపోవడం, సరుకు కోడ్లు రెండేసి ఉండటం, శిక్షణకి డబ్బు మిగల్చకపోవడం రాయి. మైకేల్ పోర్టర్ చెప్పిన ఐదు పోటీ శక్తులు 1979, వాల్యూ చెయిన్ (మెట్టు మెట్టుకీ సరుకు విలువ పెరిగే వరస) 1985. గోడ మీది కాయితమే వాల్యూ చెయిన్ బొమ్మ. హార్డ్‌వేర్, నెట్‌వర్క్ చాప్టరు చిన్న ప్రశ్నలకి మాత్రం ఒక్క పూట చూడు.

చదివే పద్ధతి. మొదటి రోజు పుస్తకం తెరవకు. ఐదు పేపర్లలోని ప్రశ్నలన్నీ యూనిట్ వారీగా ఒక కాయితం మీద గీతలు పెట్టి లెక్కెట్టు. ఎక్కువ గీతలు పడ్డ చోట మొదలుపెట్టు. ఆ తర్వాత రోజుకి 2 గంటలు: గంట చదువు, 40 నిమిషాలు పుస్తకం మూసి రాయడం, 20 నిమిషాలు సరిచూసుకోవడం. రాయకుండా చదివిన రోజుని లెక్కలోకి తీసుకోకు. రెండు వారాల్లో ఒక చుట్టు పూర్తయ్యాక, మూడో వారంలో రెండు పూర్తి పేపర్లు గడియారం పెట్టుకుని రాయి. 10 నిమిషాలు పేపరు చదవడానికి, చిన్నవి ఒక్కోటి 6 నిమిషాల చొప్పున 30, పెద్దవి ఒక్కోటి 26 నిమిషాల చొప్పున 130, చివరి 10 నంబర్లు సరిచూసుకోడానికి. మొదటి పెద్ద ప్రశ్న బాగా వచ్చని 45 నిమిషాలు పెట్టేస్తే ఆఖరిది ఖాళీగా మిగులుతుంది. బాగా రాసినదానికి రెండు మార్కులు పెరగవచ్చు, ఖాళీ వదిలినదానికి పదీ పోతాయి. ప్రతి పెద్ద జవాబుకీ మూడు వరసల్లో నిర్వచనం, తర్వాత పెన్సిల్‌తో బొమ్మ, దాని కింద నీ ఫ్యాక్టరీ, ఆఖర్న పరిమితులు. ఇంగ్లీషులో రాయాలి కనక వాక్యాలు చిన్నవిగా ఉంచు, పుస్తకం వాక్యం గుర్తు రాకపోతే నీ మాటల్లో రాసెయ్యి.

పేపర్లో కేసు ఇస్తే ముందు ప్రశ్నలు చదివి, ఆ తర్వాత కేసు చదువు. అందులో ఉన్న అంకెలు, విభాగాల పేర్లు నీ జవాబులో కనపడాలి. కేసుతో పని లేకుండా పుస్తకంలోది దించేస్తే దిద్దేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

వచ్చే ఆదివారం లోపు రెండు డీఎఫ్‌డీలు, ఒక నార్మలైజేషన్ చేసి ఫొటో తీసి పంపు. నార్మలైజేషన్‌కి జీడి బిల్లు వద్దు, అది నేను చేసి పెట్టేశాను. మీ హాస్టల్ మెస్ బిల్లు తీసుకో. ఎర్ర పెన్నుతో దిద్ది అదే రోజు తిరిగి పంపుతాను. వేళకి తిను, రాత్రి పదకొండు దాటి మేలుకోకు.

ఇట్లు,
పెదనాన్న