సెప్టెంబర్ చివర్లో వియత్నాం మెట్ల పొలాలు: సాపానా, ము కాంగ్ చాయా?

సెప్టెంబర్ ఆఖరి వారంలో ఐదు రోజులు సెలవు దొరికింది, ఉత్తర వియత్నాంలో మెట్ల పొలాల్లో వరి కోతలు చూడాలి, సాపా వెళ్ళాలా ము కాంగ్ చాయ్ వెళ్ళాలా అని అడిగారు. మీ తేదీలకైతే ము కాంగ్ చాయ్‌కే వెళ్ళండి. సాపా బాగోదని కాదు, అక్కడ వరి ముందే పండుతుంది. ఆగస్టు చివర్లో పసుపు తిరగడం మొదలై సెప్టెంబర్ సగం దాటేసరికి చాలా మడులు కోసేస్తారు. మీరు వెళ్ళేసరికి అక్కడ ఎక్కువగా కొయ్యకాళ్ళే మిగిలి ఉంటాయి. ము కాంగ్ చాయ్‌లో వరి పండి కోసే కాలం సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా నడుస్తుంది.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి సరిగ్గా మీలాంటి సందేహమే ఉండి కూడా ఎవర్నీ అడగలేదు. ఎక్కడో 'సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో బంగారు రంగు' అని చదివి, సెలవు కుదిరిందని 2022 అక్టోబర్ రెండో వారంలో బయల్దేరాం. హనోయ్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు, బస్సులో ఎనిమిది గంటలు పట్టింది. రాత్రి దిగాం. తెల్లారి కిటికీ తెరిస్తే ఎదురుగా కొండంతా గోధుమ రంగు. మెట్లున్నాయి, వరి లేదు. అక్కడక్కడా గడ్డి కాలుస్తున్న పొగ. మా ఆయన ఏమీ అనలేదు గానీ, ఫోన్‌లో నేను పంపిన పాత ఫోటోని, కిటికీని మార్చి మార్చి చూశారు.

మేం దిగిన ఇంటాయన మా మొహాలు చూసి, ఫోన్ ట్రాన్స్‌లేటర్‌లో ఏదో టైప్ చేసి చూపించాడు: 'ఇంకొంచెం పైన ఇంకా కోస్తున్నారు, వెళ్తారా?' వెళ్ళాం. అదే ఆ ట్రిప్‌ని కాపాడింది.

ఒక వంపులో నాలుగైదు మడులు మిగిలి ఉన్నాయి. ఎనిమిది మంది దాకా ఆడవాళ్ళు, మగవాళ్ళు, అక్కడి హ్మాంగ్ అనే కొండ జాతివాళ్ళు. కోసిన పనలు కొయ్యకాళ్ళ మీద పరిచి ఉన్నాయి, వాటి మధ్యలో పడవలా ఒక పెద్ద చెక్క తొట్టి. పిడికెడు పన పట్టుకుని తల మీదుగా ఎత్తి తొట్టి లోపలి అంచుకి కొడుతున్నారు. ధబ్, ధబ్, ఆపైన గింజలు రాలే గలగల. ఆ చప్పుడు ఎదుటి కొండకి తగిలి తిరిగొస్తోంది, అది మేం ఊరి దగ్గరి నుంచే విన్నాం, ఏమిటో అర్థం కాలేదంతే. ఒక మడి అయిపోగానే తొట్టిని నలుగురు పట్టుకుని కింది మడిలోకి దించుతారు. మడి వెడల్పు కొన్ని చోట్ల రెండు అడుగులు కూడా లేదు, హార్వెస్టర్ మాట దేవుడెరుగు, ఎద్దు తిరగడమే కష్టం. నింపిన బస్తాలని వీపు మీద మోసుకుంటూ గట్ల వెంట పైకి రోడ్డు దాకా ఎక్కి, అక్కడ మోటార్ సైకిల్ మీద రెండేసి, మూడేసి కట్టుకుని పోతున్నారు. ఒక బస్తా పట్టి చూశాను. పైకి కాదు కదా, నేల మీంచి కూడా లేవలేదు.

అందుకని ముందు ఒకటి తేల్చుకోండి. మీకు కావలసింది బంగారు రంగు కొండలా, కోతలా? ఈ రెండూ ఒకటే అనుకుని నేను బోల్తా పడ్డాను. కొండంతా పసుపుగా ఉన్నప్పుడు కోతలు అప్పుడే మొదలవుతుంటాయి, కోతలు జోరుగా సాగేటప్పటికి సగం కొండ ఖాళీ అయిపోతుంది. మధ్యలో వారం పది రోజులు రెండూ కలిసి కనిపిస్తాయి. మీ తేదీలు అటూ ఇటూగా అక్కడే పడుతున్నాయి, నిజం చెప్పాలంటే కాస్త కుళ్ళుగా ఉంది.

ఫలానా రోజని మాత్రం ఎవరూ చెప్పలేరు. అక్కడ ఏడాదికి ఒకటే పంట. వర్షాలు పడి కాలవల్లోకీ మడుల్లోకీ నీళ్ళు చేరితేనే నాట్లు, అవి మే, జూన్‌లలో. ముందు నీళ్ళు అందినవాళ్ళు ముందు నాటుతారు, ముందు కోస్తారు. ఒకే కొండ మీద ఒక మడి కోసేసి ఉంటుంది, దాని పక్కది పచ్చగా నిలబడి ఉంటుంది. కాబట్టి పాత ఫోటోలు చూసి టికెట్లు కొనకండి. వెళ్ళే వారం ముందు మీరు దిగబోయే ఇంటివాళ్ళకి మెసేజ్ పెట్టి 'ఈరోజు తీసిన ఫోటో ఒకటి పంపండి' అనండి. రెండోసారి, 2023లో, నేను అదే చేశాను. రెండు చోట్ల అడిగితే ఒకరు నిరుటి ఫోటో పంపారు, ఇంకొకరు తన పెరట్లోంచి వంకరగా తీసి పంపారు. వంకర ఫోటో ఇంట్లోనే దిగాం.

దారిలో తూ లే అనే ఊరు వస్తుంది, అక్కడ ఒక పూట ఆగండి. నేరుగా ము కాంగ్ చాయ్‌కి పరిగెత్తే వాళ్ళు పోగొట్టుకునేది ఇదే. అక్కడి జిగురు బియ్యానికి వియత్నాం అంతా పేరుంది. గింజ పాలుపోసుకుని ఇంకా పచ్చిగా ఉండగానే కొంత పంట కోసి, వేయించి, కాలితో తొక్కే రోకలి కింద దంచి కోమ్ అనే పచ్చ అటుకులు చేస్తారు. సెప్టెంబర్‌లో ఉదయాన్నే వెళ్తే ఆ రోకళ్ళ చప్పుడు వినిపిస్తుంది. అటుకులు తిని పెరిగిన నాలుకకి కూడా ఆ వాసన కొత్తగానే ఉంటుంది. నేను అరకిలో కొని, హనోయ్ చేరేలోపే అవగొట్టాను.

తూ లే దాటాక ఖావ్ ఫా కనుమ. ఆ పేరుకి అక్కడి కొండల్లో ఉండే థాయ్ జాతి భాషలో ఆకాశపు కొమ్ము అని అర్థమట. కనుమ పైనుంచి కింద లోయలోని పొలాల మీదుగా పారాగ్లైడింగ్ చేస్తారు, మబ్బు పడితే ఆపేస్తారు. మలుపులకి కడుపులో తిప్పే అలవాటుంటే ముందే మాత్ర వేసుకోండి.

ము కాంగ్ చాయ్‌లో అందరూ వెళ్ళేది లా పాన్ తాన్ అనే ఊళ్ళోని మామ్ సోయ్ గుట్టకి. ఇంగ్లీషు వెబ్‌సైట్లలో దాన్ని రాస్ప్‌బెర్రీ కొండ అని రాస్తారు, నేనూ అక్కడేదో పళ్ళ తోట ఉందనుకున్నాను. వియత్నామీస్‌లో ఆ పండుకీ అదే పేరుంది, కానీ గుట్టకి ఆ పేరు వచ్చింది పళ్ళెంలో గుమ్మరించిన జిగురు అన్నం కుప్పలా ఉంటుందని. చూస్తే మీకే తెలుస్తుంది. పైకి వెళ్ళే దారి సన్నగా, నిటారుగా ఉంటుంది. ఊరివాళ్ళు మోటార్ సైకిళ్ళ మీద ఎక్కిస్తారు, ధర ముందే మాట్లాడుకోండి. సొంతంగా బండి నడుపుతానని సాహసం చేయకండి, ముఖ్యంగా వాన పడితే. లా పాన్ తాన్, చే కూ న్యా, జే సూ ఫిన్ మెట్ల పొలాలకి 2007లో జాతీయ వారసత్వ గుర్తింపు వచ్చింది. గుట్ట దగ్గర జనం మరీ ఎక్కువైతే చే కూ న్యా వైపు వెళ్ళిపోండి, అక్కడ గట్టు మీద కూర్చుని గంటసేపు చూసినా ఎవరూ తోసుకోరు.

గట్ల గురించి ఒక మాట, నేను తిట్లు తిని నేర్చుకున్నది. మొదటిసారి ఫోటో కోసం పెళుసుగా ఉన్న ఒక గట్టు చివర నిలబడ్డాను, అది జానెడు మేర విరిగి కింది మడిలోకి జారింది. పైనుంచి ఒక పెద్దావిడ గట్టిగా అరిచింది. భాష రాకపోయినా తిట్టని తెలిసింది, తప్పు నాదే. ఆ గట్టే వచ్చే ఏడు నీళ్ళు ఆపేది. బాగా నలిగిన దారి మీదే నడవండి, ఆరబెట్టిన పనల మీద కాలు పెట్టకండి, కోస్తున్నవాళ్ళకి అడ్డంగా నిలబడి ఫోటోలు తీయకండి. అడిగి తీస్తే చాలామంది నవ్వుతారు, కొందరు వద్దంటారు.

వాన సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అది వానాకాలపు చివర, తుఫాన్ల కాలం కూడా. 2024 సెప్టెంబర్‌లో యాగీ తుఫాను వచ్చినప్పుడు ఆ కొండ ప్రాంతాల్లో కొండచరియలు విరిగిపడి చాలామంది చనిపోయారు. వాతావరణ హెచ్చరిక ఉంటే ప్రయాణం మానేయండి, హోటల్ డబ్బుల గురించి ఆలోచించకండి. హెచ్చరిక లేకపోయినా తిరుగు విమానానికి ముందు ఒక రాత్రి హనోయ్‌లో ఉండేలా చూసుకోండి, చిన్న కొండచరియ పడినా రోడ్డు గంటలకొద్దీ ఆగిపోతుంది. బురదలో జారని బూట్లు వేసుకోండి.

ఐదు రోజుల్లో మొదటిదీ చివరిదీ హనోయ్‌కి పోతాయి. మిగిలిన మూడింట్లో తూ లేలో ఒక రాత్రి, ము కాంగ్ చాయ్‌లో ఒక రాత్రి ఉండి, నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరితే రాత్రికి హనోయ్‌లో ఉంటారు. సాపాని కూడా ఇందులో ఇరికించాలని చూడకండి, కాలమంతా బస్సులోనే పోతుంది. పాత మ్యాపుల్లో ము కాంగ్ చాయ్ యెన్ బాయ్ రాష్ట్రంలో ఉంటుంది. 2025 జులైలో ఆ రాష్ట్రాన్ని పక్కనున్న లావ్ కాయ్‌లో కలిపేశారు, కాబట్టి బుకింగ్‌లో ఏ పేరు కనిపించినా కంగారు పడొద్దు. గదులు మాత్రం సోమవారం నుంచి గురువారం మధ్యలో పడేలా చూసుకోండి. శని, ఆదివారాల్లో హనోయ్ నుంచి కెమెరాలతో జనం దిగుతారు, ఆదివారం సాయంత్రం వాళ్ళంతా మీ తిరుగు బస్సులోనే ఉంటారు.