ఏసీకి ఎన్ని స్టార్లన్నది తర్వాత, ముందు బాబు దగ్గు సంగతి చూడండి

ప్రశ్న: మాది అనంతపురం. నిరుడు మేడ మీద గది వేసి ఏసీ పెట్టించాం. చల్లదనం పోకుండా, కరెంటు బిల్లు తగ్గేలా తలుపులకు, కిటికీలకు రబ్బరు పట్టీలు బిగించాం. నలుగురం అందులోనే పడుకుంటాం, దోమలకు కాయిల్ పెడతాం. పొద్దున లేవగానే నా భార్యకు తలనొప్పిగా ఉంటోంది. ఏడేళ్ల బాబుకు మూడు నెలలుగా రాత్రిపూట పొడిదగ్గు. మందుల దుకాణంలో ఇచ్చే చిన్న మాత్ర రెండు రోజులు వేస్తే తగ్గి, మళ్లీ వస్తోంది. ఎయిర్ ప్యూరిఫయర్ కొనాలా? ఫైవ్ స్టార్ ఏసీకి మారాలా, కూలరే మేలా? – ఒక పాఠకుడు

జవాబు: ఏసీ గురించి ఇంత రాసి, బాబు మందు సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు ఆందోళన కలిగించింది ఆ వాక్యమే.

ఈ వయసులో నెలల తరబడి రాత్రిపూట దగ్గు వస్తుంటే ముందుగా ఆస్తమాను అనుమానిస్తాం. పిల్లికూతలు లేకుండా దగ్గు ఒక్కటే ఉన్నా అది ఆస్తమా కావచ్చు. ముక్కు అలర్జీ, అడినాయిడ్లు (ముక్కు వెనక ఉబ్బే కండ) కూడా కారణం కావచ్చు. బాబును చూడకుండా ఇదేనని నేను తేల్చలేను. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, క్షయ కాదని నిర్ధారించుకోవాలి. ఆ పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మూడు నెలలు ఎందుకు ఆగారు?

ఆ చిన్న మాత్ర పేరు మీరు రాయలేదు. రెండు రోజుల్లో దగ్గును మాయం చేసే మాత్ర స్టెరాయిడ్ అయ్యే అవకాశం చాలా ఉంది. ఇన్‌హేలర్ రాయబోతే ‘అలవాటు పడిపోతాడేమో సార్’ అని భయపడే తల్లిదండ్రులే, చీటీ లేకుండా తెచ్చిన ఇలాంటి మాత్రలను నిశ్చింతగా వేసేస్తుంటారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర అంటే 5,000 మైక్రోగ్రాముల మందు, అది ఒళ్లంతా తిరుగుతుంది. పిల్లలకు ఇచ్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌లో ఒక్కో పఫ్‌కు సాధారణంగా 100 లేదా 200 మైక్రోగ్రాములే ఉంటుంది, అదీ నేరుగా శ్వాసనాళాల్లోకి వెళ్తుంది. మందులు వేరు కాబట్టి అంకెకు అంకె సరిపోల్చకూడదు గానీ, ఏది ఎక్కువ భయపెట్టాలో మీరే చెప్పండి. మాటిమాటికీ మాత్రలు వాడితే పిల్లల ఎదుగుదల, ఎముకలు దెబ్బతినవచ్చు. అలాగని, వరుసగా చాలా రోజులు వేసి ఉంటే ఇది చదివి ఒక్కసారిగా ఆపేయకండి. అదీ ప్రమాదమే. డాక్టరును అడిగి తగ్గించాలి.

ఇక గది విషయం. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయట పది లక్షల పాళ్లకు 420 పాళ్లకు కాస్త అటూఇటూగా ఉండే కార్బన్ డయాక్సైడ్, నలుగురు పడుకున్న మూసిన గదిలో తెల్లారేసరికి 2,000 దాటినా ఆశ్చర్యం లేదు. మన పాత మిద్దెల్లో పైకప్పుకు గవాక్షి (గాలి, వెలుతురు వచ్చే కంత) పెట్టింది ఊరికే కాదు. మీ భార్య తలనొప్పికి ఈ గాలి ఒక కారణం కావచ్చు, కానీ రక్తపోటు చూపించుకోవాలి, గురక ఉందేమో గమనించాలి. పక్కనే స్నానాలగదిలో గ్యాస్ గీజర్ ఉంటే, పొగ బయటికి పోయే దారి లేకుండా వాడకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

అలాంటి గదిలో కాయిల్ కూడానా! ఒక్క కాయిల్ నుంచి వెలువడే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉన్నంత అని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఈ రాత్రి నుంచే మానేసి దోమతెర కట్టండి. అగరుబత్తీలు కూడా ఆ గదిలో వద్దు. ప్యూరిఫయర్ దుమ్మును పడుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ను తీసేయదు. ఆ డబ్బు ముందు కిటికీ జాలీకి పెట్టండి.

నేను ఇంజనీరును కాను, అయినా చెబుతాను. ఎండకు కాగే శ్లాబు కింద పడుకుని ఏసీ స్టార్లు లెక్కపెడుతున్నారు. పైన తెల్లసున్నం వేస్తే ఏసీ మీద భారం తగ్గుతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో అంచనా. 26లో పెట్టి ఫ్యాను వేసుకోండి, ఆ మిగులును నమ్ముకుని కిటికీ బెత్తెడు తెరిచి ఉంచండి. ఫిల్టర్లు రెండు వారాలకోసారి కడగండి. మన ఎండాకాలపు పొడిగాలికి కూలర్ కూడా బాగా పనిచేస్తుంది, అదీ కిటికీ తెరిస్తేనే. తొట్టిని వారానికోసారి ఖాళీ చేసి, తోమి ఆరబెట్టాలి, లేకపోతే డెంగీ దోమలు. గడ్డి ప్యాడ్లకు బూజు పడితే బాబు దగ్గు పెరగవచ్చు.

బాబు డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తిగా చెప్పలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. అవేవీ లేకపోయినా ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్పు, ఖాళీదైనా సరే, తీసుకెళ్లండి. దుకాణంలో విడి మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తుంటే, పేరు రాయించుకుని మరీ వెళ్లండి.