ఓట్లలో హిల్లరీ, డెలిగేట్లలో ఒబామా: ఇర్వింగ్‌లో ఆ మంగళవారం రాత్రి

"2008 డెమోక్రటిక్ ప్రైమరీలో ఒబామా కంటే హిల్లరీ క్లింటన్‌కే ఎక్కువ ఓట్లు వచ్చాయంటారు, మరి అభ్యర్థి ఆయనెలా అయ్యారు?" అని అడిగారు. ప్రైమరీ అంటే పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్. అందులో చివరికి లెక్కకొచ్చేది డెలిగేట్లు, అంటే అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ ప్రతినిధులు. దేశం లెక్క తర్వాత చెప్తాను. ముందు మా ఇంటి లెక్క చెప్పాలి.

మా ఇంట్లో రెండు ఓట్లు. మా ఆవిడది హిల్లరీకి, నాది ఒబామాకి. ఒకదానికొకటి సరిపోవాలి. కానీ నా మాట రెండుసార్లు లెక్కకొచ్చింది, ఆమెది ఒక్కసారే. టెక్సాస్‌లో అప్పుడున్న పద్ధతి అలాంటిది. పగలు మామూలుగా ఓటింగ్, దాని మీద 126 మంది డెలిగేట్లు. పోలింగ్ ముగిశాక రాత్రి 7:15కి అదే చోట కాకస్ అనే పార్టీ సభ, దాని మీద ఇంకో 67 మంది. పగలు ఓటేసిన మనిషే రాత్రి మళ్లీ వచ్చి, ఎవరి పక్షమో రాసి సంతకం పెట్టాలి. రానివాళ్లు ఆ రెండో లెక్కలో లేనట్టే.

మా ఇద్దరికీ 2007లో పౌరసత్వం వచ్చింది. అదే మా మొదటి ఓటు. అప్పుడు డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉండేవాళ్లం. మా ఆవిడ నర్సు, రాత్రి 7 నుంచి పొద్దున 7 దాకా డ్యూటీ. ఆమె హిల్లరీ వైపు మొగ్గింది ఆడమనిషి అని కాదు. అందరికీ ఆరోగ్య బీమా తప్పనిసరి అని హిల్లరీ ప్రణాళికలో ఉంది, ఒబామా ప్రణాళికలో పెద్దవాళ్లకి ఆ నిబంధన లేదు. బీమా లేక, రోగం ముదిరాక ఆస్పత్రికి వచ్చేవాళ్లని రోజూ చూసే మనిషికి అది చిన్న తేడా కాదు. నాకేమో ఇరాక్ యుద్ధం. 2002లో సెనేట్‌లో దానికి అనుకూలంగా ఓటేసిన వాళ్లకి నేను ఓటేయలేకపోయాను. ఈ విషయం మీద మా ఇంట్లో చాలా రాత్రులు అన్నాలు చల్లారిపోయాయి.

మార్చి 4 మంగళవారం. మా ఆవిడ పొద్దున డ్యూటీ దిగి నేరుగా వెళ్లి ఓటేసి వచ్చి పడుకుంది. నేను ఆఫీసు మధ్యలో వెళ్లి వేశాను. సాయంత్రం ఆమె యూనిఫాం వేసుకుంటూ, "నా బదులు మీరు సంతకం పెట్టనిస్తారేమో అడగండి. కార్డు తీసుకెళ్లండి" అని తన ఓటరు కార్డు నా చేతిలో పెట్టింది. డ్యూటీ మార్చమని వారం ముందే అడిగింది. కుదరదన్నారు.

మా కాకస్ ఒక ఎలిమెంటరీ స్కూలు భోజనాల హాల్లో. నేను వెళ్లేసరికి క్యూ తలుపు దాటి పార్కింగ్ లాట్ చివరిదాకా ఉంది. ఓటు వేసేవాళ్ల క్యూ ఇంకా అవలేదు, అది అయితే గానీ కాకస్ మొదలెట్టకూడదు. చలిగాలి. చంకలో పిల్లలతో వచ్చినవాళ్లు, కర్ర పట్టుకుని వచ్చిన ముసలివాళ్లు. లోపల ఒక పెద్దావిడ బల్ల ముందు కూర్చుని ఉంది. ఎప్పుడూ పది పదిహేను మంది వచ్చేవారట. సంతకాల కాగితాలు అయిపోతే ఎవరో స్కూలు ఆఫీసులో జిరాక్స్ తీయించుకొచ్చారు. పేరు, చిరునామా, ఓటరు నంబరు, ఏ అభ్యర్థి. చేత్తో రాయాలి, వరసగా. ఒబామా వైపు కుర్రాళ్లు నలుగురు క్యూ వెంట తిరుగుతూ, "కార్డు తెచ్చారా, వెళ్లిపోకండి, సంతకం పెట్టాకే వెళ్లండి" అని ప్రతి ఒక్కరికీ చెప్తున్నారు. హిల్లరీ వైపు అలా చెప్పే మనిషి నాకు ఒక్కరూ కనపడలేదు. నా వెనకున్న ఒక మెక్సికన్ ఆవిడ ఎనిమిదిన్నర దాకా చూసి, పొద్దున నాలుగింటికి పనికెళ్లాలని వెళ్లిపోయింది. ఆమె పర్సుకి హిల్లరీ బ్యాడ్జి ఉంది.

తొమ్మిదికి నా వంతు వచ్చింది. మా ఆవిడ కార్డు చూపించి అడిగాను. ఆ పెద్దావిడ కార్డు చేతిలోకి తీసుకుంది, దాని మీద పొద్దున ఓటేసినట్టు వేసిన ముద్ర చూసింది, తిరిగి ఇచ్చేసింది. "రాత్రి డ్యూటీ వాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, ఈ రోజు చాలామంది గురించి అడిగారు నాయనా. వచ్చినవాళ్ల సంతకమే" అన్నట్టుగా చెప్పింది. నా పేరు పక్కన ఒబామా అని రాశాను. కింద ఖాళీ గీత ఉంది. దాని మీద వేరే ఎవరో రాశారు.

ఒక మాట నిజంగా చెప్పాలి. సంతకాలు లెక్కపెట్టి, ఒబామా వాళ్లు ఒక మూల, హిల్లరీ వాళ్లు ఒక మూల నిలబడి, పార్టీ పై స్థాయి సభకి ఎవరిని పంపాలో చేతులెత్తి ఎన్నుకుంటుంటే నా గొంతు పూడుకుపోయింది. మా నాన్న తెనాలి దగ్గర మా ఊళ్లో ముప్పై ఏళ్లు ఒక పార్టీ జెండా మోశారు. గోడలు రాశారు, లారీలెక్కారు, చొక్కాలు చింపించుకున్నారు. ఈసారి అభ్యర్థి ఎవరైతే బాగుంటుందని ఆయన్ని ఒక్కసారి, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. బీ ఫారం ఎవరి చేతికిస్తే వాళ్లకి జై కొట్టడమే. ఈ రోజుకీ మన రెండు రాష్ట్రాల్లో ఏ పార్టీలోనూ అంతకంటే మెరుగు లేదు. ఆ స్కూలు హాల్లో నన్ను అడిగారు. పౌరసత్వం వచ్చి ఏడాది కాని వాణ్ణి. అందుకే డెలిగేటుగా ఉంటావా అనగానే చేయెత్తాను. మార్చి 29 శనివారం రోజంతా ఆ పై సభలో కూర్చున్నాను.

మా ప్రెసింక్ట్‌లో, అంటే మా పోలింగ్ కేంద్రం పరిధిలో, తెలుగు ఇళ్లు నాకు తెలిసినవే పాతిక దాకా ఉండేవి. ఆ రాత్రి వచ్చింది ఇద్దరం. ఆ రోజుల్లో డల్లాస్‌లో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే చిరంజీవి పార్టీ పెడతారా లేదా అన్నదే చర్చ. అది తప్పని అనను. కానీ ఓటు ఉన్న ఊరిని వదిలేసి, ఓటు లేని ఊరి గురించి తెల్లవార్లూ మాట్లాడటం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

బాగా పొద్దుపోయాక ఇంటికొచ్చేసరికి టీవీలో హిల్లరీ టెక్సాస్ గెలిచిందని చెప్తున్నారు. ఒహాయో కూడా. మా ఆవిడ విరామంలో ఫోన్ చేసింది. ఎంత సంతోషంగా ఉందో గొంతులోనే తెలుస్తోంది. ఆ వారం హిల్లరీ ప్రకటనొకటి టీవీలో వచ్చేది, తెల్లవారుజామున 3 గంటలకి వైట్‌హౌస్‌లో ఫోన్ మోగుతుంది, ఎవరు ఎత్తాలి అని. నిజంగా ఆ 3 గంటలకి మెలకువతో పనిచేసేవాళ్లకి ఆ రాత్రి కాకస్‌లో చోటు లేకపోయింది.

చివరికి తేలిందేమిటంటే, పగటి ఓట్లలో హిల్లరీకి దాదాపు లక్ష ఎక్కువ, 51 శాతానికి 47. డెలిగేట్లు ఆమెకి 65, ఒబామాకి 61. రాత్రి కాకస్‌లో ఒబామాకి 38, ఆమెకి 29. కలిపితే ఒబామా 99, హిల్లరీ 94. ఓట్లలో గెలిచిన రాష్ట్రంలోనే హిల్లరీ డెలిగేట్లలో ఓడిపోయింది.

మీ ప్రశ్నకి నా జవాబు ఇదే. ఆ పోటీ కాకస్‌లలోనే తేలిపోయింది. ఫిబ్రవరి 5న పెద్ద రాష్ట్రమైన న్యూజెర్సీ గెలిచి హిల్లరీ సంపాదించిన ఆధిక్యం 11 డెలిగేట్లు. అదే రోజు ఐడహో కాకస్‌లో ఒబామాకి వచ్చిన ఆధిక్యం 12. ఐడహోలో డెమోక్రాట్లు ఎంతమందని! కాన్సస్, మిన్నెసోటా, కొలరాడో, అన్నీ అలాగే. నెవాడాలో కూడా ఎక్కువమంది హిల్లరీ వైపు నిలబడితే ఒక డెలిగేటు ఒబామాకే ఎక్కువ. ఇక దేశం మొత్తం ఓట్లలో హిల్లరీదే పైచేయి అనే లెక్క మిషిగన్‌ని కలిపితేనే వస్తుంది. పార్టీ ఒప్పుకోని తేదీకి అక్కడ ప్రైమరీ పెట్టిన గొడవలో ఒబామా అక్కడి బ్యాలెట్ నుంచి తన పేరే తీయించుకున్నారు. ఆ లెక్కని నేను ఒప్పుకోను. ఇద్దరికీ చెరో 1.8 కోట్ల దాకా వచ్చాయి, అక్కడితో ఆగితే న్యాయం. జూన్ 3న ఒబామాకి కావలసిన డెలిగేట్ల సంఖ్య దాటింది, 7న హిల్లరీ తప్పుకున్నారు.

నేను కోరుకున్న మనిషే గెలిచారు. అయినా ఆ ఖాళీ గీత నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. మా ఆవిడ నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. కార్డు తిరిగిస్తే తీసి పర్సులో పెట్టుకుంది, అంతే.

తర్వాత టెక్సాస్‌లో ఆ రెండంచెల పద్ధతి తీసేశారు. 2016 మార్చి 1న ఇద్దరం కలిసే వెళ్లి ఓటేశాం. ఆమె మళ్లీ హిల్లరీకే వేసింది. ఆ సాయంత్రం 7కి డ్యూటీకి వెళ్లింది, నేను ఇంట్లోనే ఉన్నాను.