సైరన్ మోగినప్పుడల్లా కుక్కను పంపేయమంటున్నారు

ప్రశ్న: మాది కరీంనగర్. మావారు మస్కట్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో నేను, 68 ఏళ్ల మా అత్తగారు, పదకొండేళ్ల మా బాబు ఉంటాం. ఐదేళ్లుగా పెంచుకుంటున్న లాబ్రడార్ కుక్క, ఒక పిల్లి ఉన్నాయి. కుక్క బరువు 31 కిలోలు. నిరుడు మా వీధిలో దొంగతనం జరిగాక మావారు సెలవులో వచ్చి అలారం పెట్టించి, హాల్లోనూ మెట్ల దగ్గరా మోషన్ సెన్సర్లు బిగింపించారు. కుక్క లేచి తిరిగితే చాలు, సైరన్ మోగుతుంది, ఆయన ఫోన్‌కూ కబురు వెళుతుంది. విసిగిపోయిన మా అత్తగారు హాల్లోని సెన్సర్‌కు పాత జాకెట్టు గుడ్డ కట్టేశారు. ఆ సంగతి మావారికి చెప్పలేదు. మెట్ల దగ్గరిది మాత్రం ఇప్పటికీ మోగుతూనే ఉంది. సంక్రాంతికి తాను వచ్చేలోగా కుక్కను ఎవరికైనా ఇచ్చేయమని మావారు పట్టుబట్టారు. అది విన్నప్పటి నుంచి బాబు తండ్రితో మాట్లాడడం లేదు. సెన్సర్లు మారిస్తే సరిపోతుందా, కుక్కను పంపేయక తప్పదా?

జవాబు: కుక్కను ఎక్కడికీ పంపనక్కర్లేదు. ఆ ఇంటికి తగని సెన్సర్లను, తగని చోట, తగని పద్ధతిలో బిగించారని మీ ఉత్తరం చదివితేనే అర్థమవుతోంది. అయితే మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన జాకెట్టు గుడ్డ సంగతి నన్ను కుక్క సమస్య కన్నా ఎక్కువగా కలవరపెట్టింది కాబట్టి, దానితోనే మొదలుపెడతాను.

ఇళ్లలో సాధారణంగా వాడే మోషన్ సెన్సర్ మనిషిని చూడదు, అడుగుల చప్పుడు వినదు. ఒంటి నుంచి వెలువడే వేడి, అంటే కంటికి కనిపించని పరారుణ కిరణాలు, గదిలో ఒక చోటి నుంచి మరో చోటికి కదిలినప్పుడు కలిగే మార్పును మాత్రమే అది పసిగడుతుంది. ఆ కిరణాలు గుడ్డను దాటి లోపలికి రావు. కాబట్టి గుడ్డ కట్టిన రోజు నుంచి మీ హాలుకు కాపలా లేదు. మస్కట్‌లో ఉన్న మీ వారు మాత్రం ఉందనే నమ్మకంతో నిద్రపోతున్నారు. రేపు ఏదైనా జరిగితే, జరిగినదాని కన్నా దాచినదే మీ మధ్య పెద్ద గొడవ అవుతుంది.

ఇక సెన్సర్ల విషయం. రాత్రి మీరందరూ ఇంట్లోనే ఉన్నప్పుడు లోపలి మోషన్ సెన్సర్లు పనిచేయవలసిన అవసరమే లేదు. చాలా అలారం ప్యానెళ్లలో, అంటే సెన్సర్లన్నింటినీ నడిపే పెట్టెల్లో, 'స్టే' అనే మోడ్ ఉంటుంది. అందులో తలుపులకూ కిటికీలకూ బిగించిన అయస్కాంతపు సెన్సర్లు మాత్రమే కాపలా కాస్తాయి, ఇంట్లో ఎవరు తిరిగినా సైరన్ మోగదు. ఇల్లంతా తాళం వేసి పెళ్లికో ఊరికో వెళ్లినప్పుడు 'అవే' (Away) అనే మోడ్ పెట్టాలి. బిగించిన మనిషి ఈ తేడా చెప్పకుండా, అన్నింటినీ ఒకే మోడ్‌లో పెట్టి వెళ్లిపోయి ఉంటాడు. వీధి తలుపు, పెరటి తలుపు, డాబా మీది తలుపు, ఈ మూడింటికీ అయస్కాంతపు సెన్సర్లు ఉన్నాయో లేవో ముందుగా చూడండి. లేకపోతే కొత్త మోషన్ సెన్సర్ల కన్నా ముందు అవి కొనండి.

పగలు ఎవరూ లేనప్పుడు కుక్క ఇంట్లోనే ఉంటుంది కాబట్టి, హాల్లోని సెన్సర్‌ను మాత్రం పెంపుడు జంతువులున్న ఇళ్ల కోసం తయారుచేసిన రకంతో మార్చాలి. వీటిలో కొన్ని 18 కిలోల వరకు, కొన్ని 25 కిలోల వరకు, మరికొన్ని 36 కిలోల వరకు జంతువును పట్టించుకోవని పెట్టె మీద రాసి ఉంటుంది. మీ లాబ్రడార్ 31 కిలోలంటున్నారు. మొదటి రెండు రకాలూ మీకు పనికిరావు. ఈ లెక్క కూడా జంతువు నేల మీద నడిచేటప్పుడే చెల్లుతుంది. సోఫా ఎక్కిన కుక్క, అల్మరా మీదికి దూకిన పిల్లి సెన్సర్‌కు దాదాపు మనిషి ఎత్తులో కనిపిస్తాయి కాబట్టి అది మోగక మానదు. అందుకే దాన్ని సామాన్యంగా ఏడు, ఏడున్నర అడుగుల ఎత్తులో, కంపెనీ కాగితంలో చెప్పిన కొలత ప్రకారం, కిందికి వంచకుండా నిటారుగా, సోఫా వైపు చూడకుండా బిగించాలి. మెట్ల దగ్గర మాత్రం ఎంత ఖరీదైన సెన్సరైనా లాభం లేదు, ఎందుకంటే నాలుగు మెట్లెక్కిన కుక్క నేల మీది కుక్క కాదు. దాన్ని అక్కడి నుంచి తీయించేయండి.

కొత్త సెన్సర్ మీ ప్యానెల్‌తో కలిసి పనిచేసే రకమేనా అని కొనేముందు అడగండి. బిగించాక టెక్నీషియన్‌ను వెంటనే పంపకండి; ప్యానెల్‌ను టెస్ట్ మోడ్‌లో పెట్టించి, మొదట అతణ్ణే హాల్లో నడవమనండి, తర్వాత మీ బాబు చేత బంతి విసిరించి కుక్కను పరుగెత్తించండి. మనిషికి మోగి కుక్కకు మోగకుండా ఉంటేనే డబ్బు ఇవ్వండి. కరీంనగర్ ఎండల్లో గది వేడి మన ఒంటి వేడికి దగ్గరైనప్పుడు ఈ సెన్సర్లు కొంత మందగిస్తాయి కాబట్టి, మే నెలలో మరోసారి నడిచి చూడండి. మరొక మాట: మా ఇంట్లో రెండు వారాల పాటు మేమంతా దొంగ వచ్చాడని హడలిపోతే, చివరికి దొరికింది సెన్సర్ ముఖం మీద పాకుతున్న బల్లి. ప్రతి నేరాన్నీ కుక్క మీదికి తోయకండి.

మీ అత్తగారిని తప్పుపట్టడానికి నాకు మనసు రావడం లేదు. సైరన్‌ను ఎలా ఆపాలో ఆవిడకు ఎవరైనా నేర్పించారా? కోడ్ తెలియదు, రిమోట్ చేతిలో లేదు, రాత్రి రెండున్నరకు చెవులు పగిలే మోత, ఆ మోతకు బెదిరి కుక్క ఇల్లంతా పరుగులు తీయడం. అలాంటప్పుడు ఎవరైనా చేతికందిన గుడ్డే వాడతారు. ఆవిడకు ఒక రిమోట్ ఇప్పించి, నాలుగు రోజులు ఆవిడ చేతనే అలారం పెట్టించి తీయించండి.

మీ వారి పట్టుదల సరైనదని నేను అనను. ఐదేళ్లు పెంచిన ప్రాణిని ఒక యంత్రం మోగిందని పంపేయమనడం తొందరపాటే. కానీ ఇక్కడ రాత్రి రెండున్నరైతే అక్కడ ఒంటిగంట. ఫోన్ మోగుతుంది, ఆయన మీకు చేస్తారు, మీరు కుక్కను సముదాయిస్తూ ఎత్తరు. ఆ నాలుగు నిమిషాలు ఆయన ఏమేం ఊహించుకుంటారో ఎప్పుడైనా అడిగారా? ఆయనకు సెలవుండే శుక్రవారం నాడు, పిల్లవాడు పక్కన లేని సమయంలో మాట్లాడండి. గుడ్డ సంగతి మీరే చెప్పండి; 'మీ అమ్మ కట్టింది' అనకుండా 'మేం కట్టాం' అని చెప్పండి, ఇన్నాళ్లూ చూస్తూ ఊరుకున్నారు కాబట్టి అది అబద్ధం కూడా కాదు. సైరన్ మోగితే రెండు నిమిషాల్లో మీ నుంచి సందేశం వస్తుందని మాటివ్వండి. ఊళ్లోనే ఉన్న ఒక బంధువు నంబరు కూడా ప్యానెల్‌లో చేర్పించండి. అప్పుడు ఆ భారమంతా దూరాన ఉన్న ఒక్క మనిషి మీద పడదు. దీనికి బదులుగా కుక్క నిర్ణయాన్ని సంక్రాంతికి ఆయన వచ్చి కళ్లారా చూసేవరకు వాయిదా వేయమని అడగండి. ఒప్పుకుంటే ఆ మాట బాబుకు మీరు చెప్పకండి, ఆయనతోనే వీడియో కాల్‌లో చెప్పించండి.

గుడ్డను ఈ రోజే తీసేయండి. ముందుగా అలారం ఆపడం మాత్రం మరచిపోకండి, లేకపోతే సైరన్ మీ అత్తగారి చేతిలోనే మోగుతుంది.